బరకాలక్క ఏటి తలుపు

బరకాలక్క ఇంటి ఏటి తలుపును పురపాలక సంఘం వారు బయటి నుంచి ఇటుకలతో మూసివేశారు. మూసే ముందు ఆమెకు నోటీసు ఇవ్వలేదు. ఆమె మాట వినలేదు. లోపల మనిషి ఉన్నాడో లేడో తలుపు తట్టి చూడలేదు. లోపల మనిషి ఉన్నాడు. ఆమె భర్త పడుకొని నిద్రపోతున్నాడు.

ఆమె బజారు నుంచి తిరిగివచ్చి, గాలి కోసం గడియ తీసి, తలుపు రెక్కలను లోపలికి లాగింది. ఏరు కనిపించవలసిన చోట ఎర్రటి ఇటుకలు కనిపించాయి. వాటి మధ్య సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. వేలితో నొక్కితే గుంట పడింది.

"ఇదిగో, లే" అని భర్తను తట్టి లేపింది. "మన ఏరు ఏదయ్యా?"

ఆయన లేచి కూర్చొని చూశాడు. కళ్లు నులుముకొని మళ్లీ చూశాడు. "తాపీ చప్పుడు వినపడింది. పక్కింటి పిన్ని గోడకేదో పూయిస్తోందనుకున్నాను."

"మన తలుపు మీద తాపీ ఆడుతుంటే పక్కింటి గోడనుకున్నావా?"

"నిద్రలో దిక్కులు తెలుస్తాయా?"

"మెలకువలో మాత్రం తెలిశాయా నీకు? లారీ తోలినన్నాళ్లూ క్లీనరే కదా దారి చెప్పింది."

ఆ మాటకు ఆయన కోపం తెచ్చుకోలేదు. లేచివెళ్లి రెండు చేతులూ ఇటుకల మీద ఆనించి నిలబడ్డాడు. ఈసారి వాన పడితే తమ ఇంటికేమవుతుందో ఇద్దరికీ తెలుసు.

అది తెలియనివారి కోసం ఆ వీధి సంగతి చెప్పాలి. ఏటి గట్టు పొడవునా ఒకదానికొకటి ఆనుకొని రాతి ఇళ్లు ఉన్నాయి. వాటిని ఎవరు కట్టించారో కచ్చితంగా చెప్పగలవారు ఊళ్లో లేరు. చెప్పగలమనుకునేవారు మాత్రం చాలామంది ఉన్నారు, ఎవరి కథ వారిది. ప్రతి ఇంటికీ రెండే తలుపులు. ముందున్నది వీధి తలుపు, వెనుక ఉన్నది ఏటి తలుపు. రెండూ ఎదురెదురుగా, ఒకే వరుసలో ఉంటాయి. మధ్యలో పొడవాటి హాలు. హాలు నేల ఏటి వైపు నుంచి వీధి వైపుకు కంటికి ఆనని వాలుతో దిగుతుంది. ఏరు పొంగినప్పుడు ఆ వీధివారు చేసే పని కొత్తవారికి పిచ్చిపనిలా కనిపిస్తుంది. ఇంట్లో సామానంతా దూలాలకున్న కొక్కేలకు ఎక్కించి, మనుషులు మేడ మీదికి చేరి, రెండు తలుపులూ బార్లా తీసిపెడతారు. నీరు ఏటి తలుపున లోపలికి వచ్చి, హాలు మధ్యగా నడిచి, వీధి తలుపున బయటికి దిగి, వీధి కాలువలో పడి ఊరి చివరి పల్లంలోకి పోతుంది. గోడకు లోపలా బయటా నీటి ఎత్తు ఒకటే కనుక గోడ మీద తోపుడు ఉండదు. ఆ ఇళ్లు అన్ని వరదలకు తట్టుకొని నిలబడడానికి కారణం రాతి బలం కాదు, తెరిచిన తలుపులు.

ఆ ఊరికి కొత్తగా వచ్చిన రోజుల్లో బరకాలక్కకు ఈ సంగతి తెలియదు.

ఆమె అసలు పేరుతో ఆ వీధిలో ఎవరికీ పని పడలేదు. పడవలకు, బండ్లకు, అంగళ్ల ముందు నీడకు కప్పే మందపాటి గుడ్డ బరకాలు కుడుతుంది కనుక బరకాలక్క అయింది. ఒకసారి ముసలి పడవవాడొకడు అక్కా అని పిలిస్తే, "నీ కూతురికి నా వయసుంటుంది, నేనెప్పుడు అక్కనయ్యాను నీకు?" అని నిలదీసింది. "బరకం చిరిగినప్పుడల్లా అవుతావు" అన్నాడు అతను.

అంతకు ముందు ఆమె దూరాన ఒక పెద్ద నగరంలో గుడారాల కర్మాగారంలో పనిచేసేది. అక్కడ వరుసగా కూర్చున్న ఆడవాళ్లలో ఒకరు అంచు మడిచేవారు, ఒకరు కుట్టేవారు, ఒకరు ఇత్తడి రింగులు కొట్టేవారు. బరకాలక్కది అంచు కుట్టు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తన ముందు నుంచి గుడ్డ అంచు ఒకటి జారిపోతూనే ఉండేది. అన్నేళ్లు కుట్టినా తాను కుట్టిన గుడారం నిలబడి ఉండగా చూడలేదు. భర్త లారీ నడిపేవాడు. నడుము పట్టేసి ఆయన స్టీరింగు ముందు కూర్చోలేని స్థితి వచ్చినప్పుడు, ఇద్దరూ ఆలోచించుకొని ఒక పాత కుట్టు మిషను, ఒక చెక్క బల్ల కొనుక్కొని, పడవలున్న ఊరు వెతుక్కుంటూ వచ్చారు. పడవ ఉన్నచోట బరకం తప్పదని ఆమె లెక్క. ఆ లెక్క తప్పలేదు.

ఇల్లు ఎంచుకున్నది కూడా ఆమే. ఎవరూ కొనడానికి ముందుకు రాని ఇల్లు అది. గోడల మీద మనిషి నడుము ఎత్తున మట్టిచార ఉంది. భర్త ఆ చారను చూశాడు. ఆమె మాత్రం ఏటి తలుపు నుంచి లోపలికి పడుతున్న వెలుతురును చూసింది. ఆ తలుపు బయట నాలుగైదు రాతి మెట్లు నీళ్లలోకి దిగుతాయి. పడవ నేరుగా మెట్టుకు వచ్చి ఆగుతుంది. తడిసిన బరకం ఒక్కొక్కటీ ఇద్దరు మనుషుల బరువుంటుంది. దాన్ని పడవలో నుంచి తలుపులోకి, తలుపులో నుంచి బల్ల మీదికి లాగడమే గానీ మోసే పని లేదు. ఆమె అప్పుడే నిర్ణయించుకుంది. భర్త ఒక్క ప్రశ్న వేశాడు. "ఇక్కడ వరద వస్తుందేమోనే." ఆమె, "నేను కుట్టేది దేనికి మరి?" అంది.

ఆమె పొరపాటు ఆ జవాబులోనే ఉంది. మొదటి వానాకాలంలో ఏరు పొంగి మెట్లెక్కింది. వీధివారందరూ తలుపులు తీస్తుంటే బరకాలక్క తన తలుపులు బిగించింది. ఏటి తలుపుకు మంచి మందపు బరకాన్ని రెండు మడతలు వేసి పరిచి, మైనం పూసిన దారంతో అంచులు కుట్టి, చుట్టూ చట్రానికి మేకులతో బిగించి, కింద ఇసుక మూటలు పేర్చింది. వేరెవరు చేసినా ఎక్కడో ఒకచోట నీరు కారేది. కుట్టినది ఆమె కనుక చుక్క నీరు లోపలికి రాలేదు. వీధంతా తడిసిపోతుంటే ఆమె ఇంట్లో నేల పొడిగా ఉంది. భర్త ఆ నేల మీద చాప వేసుకొని పడుకొని, "ఊరంతటికీ నువ్వే కుట్టిపెట్టొచ్చు" అన్నాడు. ఆమెకు గర్వంగానే అనిపించింది.

తెల్లవారేసరికి హాలు మధ్యన నేల బండలు ఉబ్బడం మొదలుపెట్టాయి. బయటి నీరు పునాది కిందుగా వచ్చి వాటిని పైకి ఎత్తుతోంది. మధ్యాహ్నానికి పక్కింటితో ఉమ్మడిగా ఉన్న గోడ బీటలు వారింది. ఉబ్బిన బండలు గోడ అడుగును ఈ వైపు పైకి ఎత్తడంతో బీట పెద్దదైంది. గోడలో సగం అవతలికి ఒరిగి, పక్కింటి పిన్ని వంటింట్లో, పొయ్యి మీద పడింది. పిన్ని అప్పుడు మేడ మీద ఉంది కనుక బతికింది.

నీరు తీశాక పిన్ని ఆ గోడ కంత గుండానే బరకాలక్క ఇంట్లోకి వచ్చింది. ఇల్లు చుట్టూ ఒకసారి చూసింది. చినుగు లేకుండా ఇంకా బిగిసే ఉన్న బరకాన్ని వేలితో మీటింది.

"బాగా కుట్టావమ్మా."

బరకాలక్క తల ఎత్తలేదు.

"నా పొయ్యి పోయింది. ఇక నుంచి నీ పొయ్యి మీదే నాకూ వండు. గోడ లేచేదాకా. ఉప్పు తక్కువెయ్యి, నాకు పడదు" అంది పిన్ని. తిట్టడం అంతటితో అయిపోయిందనుకుంది బరకాలక్క. అయిపోలేదు. గోడ లేచేదాకా ప్రతి పూటా ముద్ద నోట్లో పెట్టుకునే ముందు పిన్ని, "అమ్మాయీ, ఏటి తలుపు తీసి ఉందా?" అని అడిగేది. ఎండాకాలంలో కూడా అడిగేది. ఆ తరువాత ఏ వానాకాలంలోనూ బరకాలక్క ఆ తలుపు మూయలేదు. కుట్టు మిషనుకు, బల్లకు దూలాల నుంచి కప్పీలు వేలాడదీసి, తాడు లాగితే పైకి లేచేలా అమర్చుకుంది. నీరు తగ్గేటప్పుడు దానితో పాటే ఒండ్రును చీపురుతో వీధిలోకి తోసేయాలని, ఆలస్యమైతే అది బండలా బిగుస్తుందని నేర్చుకుంది. కొత్తగా వచ్చినవారికి ఇప్పుడు తానే నేర్పుతుంది. ఆ ఊరిలో ఆమె కాపురం అలా కుదురుకుంది. పని, ఇల్లు, ఏరు, పిన్ని మాటలు. ఆమె వేరే ఏమీ కోరలేదు.

ఇక ఆ తలుపు మూసిన కారణం. పురాతన నగర పరిరక్షణ సంఘం అని ఒకటుంది. ఊరి చరిత్రను చూడవచ్చేవారి కోసం ఏటిలో లాంచీ తిప్పాలని ఆ సంఘం, పురపాలక సంఘం కలిసి నిర్ణయించాయి. లాంచీలో కూర్చున్నవారికి ఏటి గట్టు పాతకాలంలో ఉన్నట్టే కనిపించాలి. పాతకాలంలో ఎలా ఉండేదనడానికి సంఘం హాలులో ఒక పెద్ద వర్ణచిత్రం వేలాడుతోంది. అందులో గట్టు పొడవునా గోడ మాత్రమే ఉంది. తలుపులు లేవు. లాంచీ రేవుకు సరిగ్గా ఎదురుగా ఉన్నది బరకాలక్క ఇల్లు కనుక ముందుగా ఆమె తలుపు మూసి, మిగతా ఇళ్ల ఏటి తలుపుల మీద ఎర్రరంగుతో గుర్తులు పెట్టి వెళ్లారు.

ఆమె ఆ హాలుకు వెళ్లింది. అక్కడ సంఘం అధ్యక్షుడు, పురపాలక ఇంజనీరు ఇద్దరూ ఉన్నారు. అధ్యక్షుడు మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ చూపించాడు, మంచినీళ్లు తెప్పించాడు, తరువాత చిత్రం దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఇదిగోనమ్మా, ఇది మీ ఇల్లు. తలుపు ఎక్కడుందో మీరే చూపించండి."

బరకాలక్క దగ్గరగా వెళ్లి చూసింది. "నీళ్లు మేడ కిటికీల కింది దాకా ఉన్నాయి కదండీ. ఇది వరదప్పుడు వేసిన బొమ్మ. తలుపు నీళ్లలో ఉంది."

"ఉండొచ్చు. నేను కాదనను."

"మరి?"

"బొమ్మలో లేదు కదమ్మా."

ఆమె ఇంజనీరు వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి సార్. ఆ తలుపు మూస్తే గోడలకేమవుతుందో మీకు తెలియదా?"

"తెలుసమ్మా" అన్నాడు ఇంజనీరు. "నేను పుట్టింది ఆ వీధిలోనే. మీ ఇంటికి కొంచెం అవతల."

"తెలిసే కట్టించారా?"

"కట్టించమన్నారు. కట్టించాను."

ఈ మాటలు ఇద్దరు అధికారుల ఎదుట, పట్టపగలు, ఒక హాలులో జరిగాయి. కనుక ఇది తెలియక జరిగిన పొరపాటని తరువాత ఎవరూ అనడానికి వీలు లేదు. తెలియక చేసినది బరకాలక్క, అదీ మొదటి ఏడాది. ఆమె తెలియక చేసిన దానికి పిన్నికి పూటపూటా జవాబు చెప్పుకుంది. వీరు తెలిసి చేశారు. ఎవరికీ జవాబు చెప్పలేదు.

"తలుపు తెరిపించమని నేను ఎవర్ని అడగాలండీ?" అని ఆమె అడిగింది.

"సంఘం సిఫారసు చేస్తే పురపాలక కమిషనర్ ఉత్తర్వు ఇస్తారు" అన్నాడు ఇంజనీరు.

"కమిషనర్ గారు అడిగితే సంఘం పరిశీలిస్తుంది" అన్నాడు అధ్యక్షుడు.

"అయితే మీరిద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటూ కూర్చోండి. నేను మళ్లీ వస్తాను" అని ఆమె లేచింది. అన్నట్టే మళ్లీ వెళ్లింది. ఎండాకాలమంతా వెళ్తూనే ఉంది. వారు ఆమెకు కుర్చీ చూపించడం మానలేదు. జవాబు మాత్రం చెప్పలేదు. కమిషనర్ ఒక్కసారి కూడా ఆమెను కలవలేదు.

ఈలోగా ఇంట్లో పగలే దీపం పెట్టుకొని కుట్టవలసి వచ్చింది. పడవవాళ్లు తమ బరకాలను రేవులో దించి, వీధంతా తిప్పి, వీధి తలుపు గుండా మోసుకొచ్చేవారు. మోసుకొచ్చినవాడల్లా బల్ల మీద బరకం పడేసి మూసిన ఏటి తలుపు వైపు చూసి ఏదో ఒకటి అనేవాడు. "అక్కా, ఏటి మీద అలిగావా?" అని ఒకడు. "లాంచీ వాళ్లకి నీ మొహం చూపించడం ఇష్టం లేదంటగా?" అని ఇంకొకడు. ఆమె నవ్వేది, సూదికి దారం ఎక్కించేది. భర్త నడుము ఎప్పటిలాగే నొప్పిగా ఉన్నా రింగులు కొట్టే పని ఒక్కపూట మానలేదు.

పిన్ని ఇప్పుడు మెట్లు ఎక్కలేని స్థితిలో ఉంది. మోకాళ్లు పనిచేయడం మానేశాయి. ఆమె మంచం కింది గదిలో, మళ్లీ కట్టిన ఆ ఉమ్మడి గోడ పక్కనే ఉంటుంది. ఆమె మేడ దూలాలు కూడా ఆ గోడ మీదే ఆనుకొని ఉన్నాయి; తొలిసారి పడింది సగం గోడే కనుక అవి నిలిచాయి. ఆ గోడ పోతే పిన్ని కింద ఉన్నా, మోసుకెళ్లి మేడ మీద కూర్చోబెట్టినా ఒకటే. బరకాలక్కకు నిద్ర పట్టనిచ్చే విషయం కాదు ఇది.

ఒకరోజు సాయంత్రం మేస్త్రి వచ్చాడు. ఆ ఇటుకలు పేర్చిన మేస్త్రే. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"లోపలికి రా" అంది బరకాలక్క. "నీ పని చూసుకుందువుగాని."

"అక్కా, నన్ను తిట్టు. తర్వాత ఒక మాట చెబుతాను."

"తిట్టడానికి టైం లేదు. చెప్పు."

మేస్త్రి గొంతు తగ్గించాడు. "సిమెంటు నామమాత్రంగా కలిపాను. అంతా ఇసుకే. నీరు తగిలితే గోడ దానంతటదే కూలిపోతుంది. నీ తలుపు నీకొస్తుంది. ఎవరూ నిన్నేమీ అనరు."

భర్త మొహం వెలిగింది. "చూశావా, మనవాడు" అన్నాడు.

బరకాలక్క దారానికి మైనం రాయడం ముగించింది. తరువాత అంది. "అది కూలిపోకూడదు మేస్త్రీ."

"అదేంటక్కా?"

"కూలిపోతే ఏమంటారు? మేస్త్రి పని బాలేదంటారు. నీ కూలీ ఆపుతారు. ఇంకొకణ్ణి పిలిచి ఈసారి రాయితో కట్టిస్తారు. తలుపు ఉండాలా వద్దా అనే మాటే రాదు. మిగతా ఇళ్లకి రంగు గుర్తులు పెట్టారు చూడు, వాటిని కూడా రాయితోనే మూస్తారు. అది దానంతటది పడిపోకూడదు. నేను పడగొట్టాలి. పగలు. వాళ్లకి చెప్పి."

"కేసు పెడతారక్కా."

"పెట్టనీ. అప్పుడన్నా నా మాట ఎవరో ఒకరు వినాలి కదా. ఇప్పటిదాకా కుర్చీయే చూపించారు."

భర్త మేస్త్రి వైపు చూసి తల ఊపాడు. "చెప్పి లాభం లేదయ్యా. మా పెళ్లయినప్పటి నుంచీ ఇంతే."

ఎగువన వానలు మొదలయ్యాయి. ఏరు మెట్లెక్కడం మొదలుపెట్టిన రోజు బరకాలక్క పురపాలక కార్యాలయానికి, సంఘం హాలుకు స్వయంగా వెళ్లి ఒకే మాట చెప్పింది. "రేపు మధ్యాహ్నం నా ఏటి తలుపుకి అడ్డంగా కట్టిన గోడ తీసేస్తున్నాను. ఆపదలచుకుంటే వచ్చి ఆపండి. లేదంటే వచ్చి చూడండి." అధ్యక్షుడు ఊళ్లో లేడన్నారు. కమిషనర్ సమావేశంలో ఉన్నారన్నారు. ఇంజనీరు మాత్రం విన్నాడు.

మరునాటికి నీరు ఇటుకల అడుగు వరుస దాటింది. ఇంట్లో కుట్టు మిషను దూలానికి వేలాడుతోంది. వీధివారు గుమికూడారు. పడవవాళ్లు నలుగురు పక్కింట్లోకి వెళ్లి పిన్నిని కుర్చీతో సహా ఎత్తి మేడ మీదికి చేరుస్తున్నారు.

"నెమ్మదిరా, నెమ్మది. నా పెళ్లికి కూడా ఇంతమంది మొయ్యలేదు నన్ను" అంటోంది పిన్ని. మెట్ల మలుపులో ఆగి గోడకు ఇవతల వినపడేలా అరిచింది. "అమ్మాయీ, తలుపు తీసి ఉందా?"

"తీస్తున్నా పిన్నీ."

ఇంజనీరు గొడుగు పట్టుకొని వీధి తలుపు దగ్గరికి వచ్చాడు. గుమ్మం దాటలేదు. బరకాలక్క చేతిలో గునపం ఉంది.

"అమ్మా, నేను చూడలేదనుకోండి. మీరేం చేసుకున్నా నాకు తెలియదు" అన్నాడు మెల్లగా.

"చూడండి సార్. చూడ్డానికే పిలిచాను."

అతను వెళ్లిపోలేదు. గొడుగు మూసి గుమ్మంలోనే నిలబడ్డాడు.

మేస్త్రి జనంలో నుంచి వచ్చి, "పై వరుస నుంచి మొదలుపెట్టక్కా. కింద కొడితే నీళ్లు ఒక్కసారిగా మీద పడతాయి" అన్నాడు. ఆమె పై వరుసలో గునపం గుచ్చింది. ఇసుక రాలింది. మొదటి ఇటుక ఏట్లో పడింది. ఆ కంతలో నుంచి ఎండాకాలమంతా రాని వెలుతురు హాలులోకి వచ్చింది. భర్త ఇంకో గునపం తీసుకున్నాడు.

"నీ నడుము..."

"నడుము సంగతి రేపు చూద్దాం. పక్కకి జరుగు."

ఇద్దరూ వరుస తరువాత వరుస తీశారు. మేస్త్రి చేతులు కట్టుకొని నిలబడలేకపోయాడు. తాను కట్టిన గోడను తాను కూడా విప్పాడు. నీటిమట్టం దాకా వచ్చేసరికి ఏరు అంచు మీదుగా పలచగా లోపలికి జారింది. తరువాత చీలమండ దాకా, మోకాలి దాకా పెరిగింది. మిగిలిన ఇటుకలను ఏరే తోసేసింది. అందరూ మేడ మెట్లెక్కారు. నీరు హాలు మధ్యగా నడిచి, ఇంజనీరు ఖాళీ చేసిన గుమ్మం దాటి, వీధిలోకి దిగింది.

ఆ వరద బరకాలక్క ఆ ఊరిలో చూసిన వాటన్నింటికంటే పెద్దది. నేల బండ ఒక్కటీ లేవలేదు. ఉమ్మడి గోడ మీద కొత్త బీట ఒక్కటీ లేదు. పిన్ని మేడ మీద కూర్చొని, పడవవాళ్ల చేత వేడినీళ్లు కాయించుకొని, వారి వంటకు కూడా వంకలు పెట్టింది. నీరు తీస్తున్నప్పుడు బరకాలక్క, ఆమె భర్త, మేస్త్రి ముగ్గురూ చీపుళ్లతో ఒండ్రును దాని వెంటే వీధిలోకి తోసేశారు.

తరువాత కేసు వచ్చింది.

పురాతన కట్టడానికి ఉద్దేశపూర్వకంగా నష్టం కలిగించినట్టు బరకాలక్క మీద ఫిర్యాదు నమోదైంది. ఏది ఆ పురాతన కట్టడం? ఆ ఇల్లు కాదు, ఇంటికి ఏమీ కాలేదు. ఆ తలుపు కాదు, తలుపు ఉన్నచోటే ఉంది. ఫిర్యాదులో చెప్పిన కట్టడం ఆ ఇటుకలు. ఆ ఇటుకల వయసు ఒక్క ఎండాకాలం. తలుపు కన్నా, ఇల్లు కన్నా, ఆ ఊరి జ్ఞాపకం కన్నా వాటిని పాతవిగా చేసినది పురపాలక సంఘం ముద్ర ఒక్కటే. నేరం రుజువైతే ఆ ఇంట్లో ఉండే హక్కును ఆమె కోల్పోవచ్చు.

రెండో వాదన ఇంతకంటే నిర్లజ్జగా ఉంది. వరదలో ఇల్లు చెక్కుచెదరలేదు కనుక ప్రమాదం ఏదీ లేదని, లేని ప్రమాదాన్ని సాకుగా చూపి ఆమె గోడ పగలగొట్టిందని అధ్యక్షుడు అంటున్నాడు. అంటే ఇల్లు కూలి, ఉమ్మడి గోడ కూలి, నడవలేని ఒక ముసలి మనిషి దాని కింద పడి ఉంటే బరకాలక్క చెప్పినది నిజమయ్యేది. ఆమె ఇంటినీ పిన్నినీ కాపాడింది కనుక అబద్ధమైంది. చట్టం చదువుకున్న ఎవరైనా ఈ వాదనను రెండోసారి వినడానికి సిగ్గుపడాలి.

బరకాలక్క ఇవేమీ పట్టించుకోనట్టే పని చేసుకుంటోంది. ఏటి తలుపు తెరిచి ఉంది. పడవలు మెట్ల దగ్గర ఆగుతున్నాయి. "లాయరుకి ఏం చెప్పావే?" అని మొన్న భర్త అడిగాడు. "పడగొట్టలేదని చెప్పమన్నాడు. పడగొట్టానని చెప్పమన్నాను" అంది, దారం కొరుకుతూ. "లాయరు కుదిరేలా లేడు, ఇంకొకణ్ణి చూడు" అన్నాడు ఆయన. "లాయరు బాగానే ఉన్నాడు. కుదరనిది నేను" అంది.

ఈ సంగతంతా రాసిన మేము ఇప్పుడు మీ ముగ్గురికి చెబుతున్నాం. అధ్యక్షుల వారికి, కమిషనర్ గారికి, ఇంజనీరు గారికి. ఆమె మీద పెట్టిన ఫిర్యాదును మీరే ఉపసంహరించుకోవాలి, కోర్టు కొట్టివేసేదాకా ఆగకూడదు. వీధిలో మిగిలిన ఏటి తలుపుల మీద మీరు పూసిన ఎర్రరంగును మీ మనుషుల చేతే తుడిపించాలి. ఆ ఇళ్లలో ఉండేవారికి ముందుగా తెలియజేయకుండా, వారి మాట వినకుండా, జవాబు చెప్పకుండా ఆ వీధిలో ఏ తలుపునూ మూయబోమని ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు కింద సంఘం పేరు కాదు, మీ పేర్లు ఉండాలి. ఫిర్యాదు వెనక్కి తీసుకోకపోతే విచారణకు ముగ్గురూ హాజరు కావాలి. ఆరోగ్యం బాగాలేదని, సమావేశం ఉందని, ఊళ్లో లేరని కబురు పంపవద్దు. ఏరు వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఏమవుతుందో తెలిసి కూడా ఆ తలుపు ఎందుకు మూయించారో బరకాలక్క ఎదుట నిలబడి, ఆమె కళ్లలోకి చూస్తూ, ప్రమాణం చేసి చెప్పండి.